అమ్మకి కిటికీ సీటు కొనకండి

అమ్మానాన్నల్ని అమెరికా రప్పించుకునేటప్పుడు మనవాళ్ళు చేసే ఏర్పాట్లు ఏ ప్రాజెక్టు ప్లానుకీ తీసిపోవు. వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, ఏం చెప్పాలో ఫోన్లో ప్రాక్టీసు. సూట్‌కేసు 23 కిలోలు దాటకుండా ఇంట్లోనే కాటా. ఆవకాయ సీసాకి మూడు పొరల ప్లాస్టిక్ కవరు, పైన టేపు. "నాకు ఇంగ్లీషు రాదు, నేను ఫలానా ఊరు వెళ్ళాలి, దయచేసి సాయం చెయ్యండి" అని రాసిన కాయితం, దాని కింద మన ఫోను నంబరు. దానికి రెండు జిరాక్సులు, ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఇంకోటి పాస్‌పోర్టులో.

ఇన్ని చేసి, ఆ ఇరవై గంటలు ఆవిడ ఎలా కూర్చుంటుందో మాత్రం ఎవరమూ ఆలోచించం. నేనూ ఆలోచించలేదు. అందుకే ఈ టపా.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. కోడు రాసుకునేవాణ్ణి. ఇక్కడ రాసేదంతా దెబ్బ తిన్నాక చదివి తెలుసుకున్నది. మందుల విషయం మీ డాక్టర్నే అడగండి.

2017 మే నెల. మా ఆవిడకి ఎనిమిదో నెల. పురుడు పొయ్యడానికి అమ్మ వస్తోంది. నాన్న పొలం పనులు చూసుకుని తర్వాత వస్తానన్నారు కాబట్టి ఒక్కతే ప్రయాణం. అమ్మకి అప్పుడు 61. హైదరాబాదు నుంచి గల్ఫ్‌కి నాలుగు గంటలు, అక్కడ విమానం మారడానికి ఇంకో నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డాలస్‌కి పదహారు గంటలు. మొదటిసారి విమానం ఎక్కడం కదా అని నేను మూడు మంచి పనులు చేశాను.

ఒకటి, డబ్బులు ఎక్కువ కట్టి మరీ కిటికీ సీటు తీసుకున్నాను. మేఘాలు చూస్తుంది, సంతోషపడుతుంది అని.

రెండు, వీల్‌చెయిర్ పెట్టించాను. అమ్మ కాళ్ళకేం రోగం లేదు. గుడికీ, కూరగాయలకీ నడిచే వెళ్తుంది. వీల్‌చెయిర్ పెట్టింది కాళ్ళ కోసం కాదు, భాష కోసం. ఎవరో ఒకరు తోసుకుంటూ తీసుకెళ్ళి సరైన గేటు దగ్గర దింపుతారని. మనలో ఎక్కువమంది చేసే పనే ఇది.

మూడు, సలహా. "రెండో విమానం ఎక్కగానే పడుకోమ్మా. నీళ్ళు మరీ ఎక్కువ తాగకు, మాటిమాటికీ లేవాల్సొస్తుంది."

అమ్మ మూడూ తు.చ. తప్పకుండా పాటించింది. గల్ఫ్‌లో దిగిన దగ్గర్నుంచి వీల్‌చెయిర్లో కూర్చోబెట్టి ఒక మూల పెట్టారట, మళ్ళీ విమానం ఎక్కేదాకా అందులోంచి లేవలేదు. తర్వాత పదహారు గంటల్లో లేచింది ఒక్కసారి. ఎందుకమ్మా అంటే ఆవిడ చెప్పిన జవాబు నాకింకా చెవుల్లో ఉంది. "పక్కన అబ్బాయి నిద్రపోతున్నాడురా. పాపం, లేపడం ఎందుకని."

శనివారం దిగింది. రెండు కాళ్ళూ కాస్త ఉబ్బాయి. గంటల తరబడి కాళ్ళు కిందకి పెట్టుకు కూర్చుంటే ఎవరికైనా ఉబ్బుతాయి, మర్నాటికి తగ్గిపోయాయి కూడా. మంగళవారం ఎడం పిక్క లాగుతోందంది. ప్రయాణం బడలిక అనుకుని అమృతాంజనం రాసి, బాగా మర్దనా చేశాను. (ఇది ఎంత తప్పో తర్వాత తెలిసింది. గడ్డ ఉందన్న అనుమానం ఉన్న కాలుని పిసకకూడదు.) గురువారం సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే మా ఆవిడ గమనించింది, ఒక పిక్క ఇంకోదానికంటే లావుగా ఉందని. టైలరింగు టేపుతో కొలిస్తే మూడు సెంటీమీటర్లకి పైనే తేడా. ముట్టుకుంటే వేడిగా ఉంది.

ఎమర్జెన్సీకి తీసుకెళ్తే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఈమధ్య దూరప్రయాణం ఏమైనా చేశారా?" డాప్లర్ స్కాన్ చేశారు. పిక్క నుంచి మోకాలి వెనక దాకా లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. డీప్ వెయిన్ త్రాంబోసిస్, పొట్టిగా డీవీటీ. అందులోంచి ఓ ముక్క విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందేమోనని సీటీ స్కాన్ కూడా తీశారు. వెళ్ళలేదు. ఆ రిపోర్టు వచ్చేదాకా నేను, ఎనిమిది నెలల గర్భిణి మా ఆవిడ ఆ కారిడార్లో కూర్చున్న రెండు గంటల గురించి రాయను.

మూడు నెలలు రక్తం పలచబడే మందు వాడింది. విజిటర్ ఇన్సూరెన్సు వాళ్ళు ఇది ముందునుంచీ ఉన్న జబ్బేమో అని కొన్నాళ్ళు తిప్పించుకుని చివరికి కొంత ఇచ్చారు. అదంతా పక్కన పెట్టండి. పురుడు పొయ్యడానికొచ్చిన మనిషికి మేం మాత్రలు లెక్కపెట్టి ఇవ్వాల్సొచ్చింది. పైగా ఆవిడే, "వచ్చీ రాగానే నీకింత ఖర్చు పెట్టించానురా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఖర్చు పెట్టించింది తను కాదు, సీటు మ్యాపులో కిటికీ మీద క్లిక్కు కొట్టిన నేను.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఇదెందుకు వస్తుంది?

గుండె రక్తాన్ని కిందకి నెడుతుంది, బానే ఉంది. పాదాల నుంచి మళ్ళీ పైకి రావాలంటే? ఆ పనిలో పెద్ద సాయం పిక్క కండరాలది. నడిచినప్పుడల్లా కండరం బిగుసుకుని సిరల్ని నొక్కుతుంది, రక్తం పైకి పోతుంది. వెనక్కి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. మనం కదలకుండా కూర్చుంటే ఆ పంపు ఆగిపోతుంది. మోకాళ్ళు మడిచి ఉండడంతో దారి ఇరుకవుతుంది. రక్తం అక్కడే నిలవుంటుంది. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1850లలో చేసిన పరిశోధనల పేరు మీదుగా వైద్యులు ఈ గడ్డలకి మూడు కారణాలు చెప్తారు: రక్తం నిలవుండడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం ఎక్కువ కావడం. మొదటి కారణాన్ని మనం టిక్కెట్టుతో పాటే కొనుక్కుంటున్నామన్నమాట.

దీన్ని 'ఎకానమీ క్లాస్ సిండ్రోమ్' అని పిలుస్తుంటారు. నా దృష్టిలో చాలా తప్పు పేరు. అది వినగానే రెండపోహలు పుడతాయి: విమానంలోనే వస్తుందని, బిజినెస్ క్లాసులో రాదని. చరిత్ర చూస్తే వేరేలా ఉంది. 1940లో లండన్ మీద జర్మన్లు బాంబులేస్తున్నప్పుడు జనం షెల్టర్లలో డెక్ చెయిర్ల మీద కూర్చునే రాత్రంతా నిద్రపోయేవారు. అక్కడ ఊపిరితిత్తుల్లోకి గడ్డలు పోయి చచ్చిపోతున్నవాళ్ళు పెరిగారని కీత్ సింప్సన్ అనే వైద్యుడు ఆ ఏడాదే లాన్సెట్ పత్రికలో రాశాడు. కుర్చీ అంచు తొడల కింద నొక్కుకోవడమే కారణమని ఆయన అనుమానం. 2004లో జపాన్‌లో నీగాటా భూకంపం తర్వాత ఇళ్ళలోకి వెళ్ళడానికి భయపడి కార్లలోనే పడుకున్నవాళ్ళలో కొందరు ఇదే జబ్బుతో పోయారు. ఎక్కడా విమానం లేదు. ఉన్నదల్లా కుర్చీ, కదలకపోవడం.

మనవాళ్ళకి బాగా తగిలే ఉదాహరణ ఇంకోటుంది. 2003లో న్యూజీలాండ్ వైద్యులు ఒక 32 ఏళ్ళ మనిషి గురించి రాశారు. అతను రోజుకి 12 గంటలు, ఒక్కోరోజు 18 గంటల దాకా కంప్యూటర్ ముందే కూర్చునేవాడు. కాల్లో గడ్డ కట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం మీదకొచ్చింది. వాళ్ళు దానికి 'ఈ-త్రాంబోసిస్' అని పేరు పెట్టారు. రిలీజు రాత్రి మన కుర్చీ గుర్తొస్తోందా?

ఇక అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'రైట్' అనే ప్రాజెక్టు చేసి 2007లో మొదటి దశ ఫలితాలు బయటపెట్టింది. నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే ఈ గడ్డల ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుంది. విమానం, రైలు, బస్సు, కారు, ఏదైనా ఒకటే. అయినా మొత్తం మీద చూస్తే సుమారు 6,000 మందిలో ఒకరికి. తక్కువ రోజుల్లో ఎక్కువ ప్రయాణాలు చేసేవాళ్ళకి ప్రమాదం ఇంకా ఎక్కువ. దిగగానే అయిపోదు, నాలుగు వారాల దాకా ఉంటుంది.

ఇది చెప్తే మా టీములో ఒకాయన నవ్వాడు. "ఆరువేలకొకటా? దీనికింత గొడవా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. భయపడి ప్రయాణాలు మానుకోమనట్లేదు నేను. కానీ రెండు మాటలు.

మొదటిది, ఒక విమానంలో 300 మంది అనుకుంటే ఇరవై విమానాలకి 6,000 మంది. రోజుకొక విమానం దిగే చోట ఇరవై రోజులకొకరు. ఈ రేటులో ప్రొడక్షన్ సర్వర్ పడిపోతుంటే మనం 'తక్కువే కదా' అని ఊరుకుంటామా?

రెండోది ముఖ్యం. అది సగటు. సగటు రెస్పాన్స్ టైము చూసి సంతోషపడేవాణ్ణి మనం ఇంజనీరు అనం, చివరి ఒక్క శాతం ఎలా ఉందో చూడమంటాం. ఇక్కడ ఆ చివరి శాతంలో ఎవరున్నారో చూడండి. ఒళ్ళున్నవాళ్ళు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు, కొత్త బాలింతలు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, క్యాన్సర్ ఉన్నవాళ్ళు, ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్ళు, పుట్టుకతోనే రక్తానికి ఆ గుణం ఉన్నవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు. ఇంకోటి, నేను చదివి ఉలిక్కిపడ్డది: 190 సెంటీమీటర్ల కంటే పొడుగువాళ్ళు, 160 సెంటీమీటర్ల కంటే పొట్టివాళ్ళు. 160 సెంటీమీటర్లంటే ఐదడుగుల మూడంగుళాలు. మన అమ్మల్లో ఎంతమంది అంతకంటే పొడుగుంటారు? వాళ్ళ పాదాలు నేలకి సరిగా ఆనవు, సీటు అంచు మోకాలి వెనక నొక్కుతూ ఉంటుంది. లండన్ డెక్ చెయిరు కథే మళ్ళీ.

కిటికీ సీటు సంగతి కూడా పరిశోధనల్లో తేలింది. దారి పక్క సీటు కంటే కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువని, ఒళ్ళున్నవాళ్ళలో అది ఇంకా ఎక్కువని నెదర్లాండ్స్ పరిశోధకులు 2009లో చూపించారు. ఎందుకో చెప్పడానికి నాకే పరిశోధనా అక్కర్లేదు. "పక్కన అబ్బాయి నిద్రపోతున్నాడురా."

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన ఇళ్ళల్లో సిర, కవాటం ఎంత కారణమో మొహమాటమూ అంతే కారణం. మన ఆడవాళ్ళు జన్మంతా ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఉండడం నేర్చుకున్నవాళ్ళు. హైదరాబాదు నుంచి విశాఖపట్నం రాత్రి బస్సెక్కే ముందు మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేస్తారు, దారిలో బాత్రూము ఎక్కడ దొరుకుతుందో అని. అదే అలవాటు విమానంలోకీ వస్తుంది. విమానంలో వేసే వీడియోలో కాళ్ళు ఆడించమని ఇంగ్లీషులో చెప్తారు, సీటు జేబులో పెట్టిన పత్రికలో బొమ్మలు వేస్తారు. 'లేవమ్మా, లేస్తే ఎవరూ ఏమీ అనుకోరు' అని తెలుగులో చెప్పాల్సింది మనమే. నేను సరిగ్గా దానికి వ్యతిరేకం చెప్పాను.

కాబట్టి టిక్కెట్టు బుక్ చేసేవాళ్ళు చెయ్యాల్సిన పనులివి.

దారి పక్క సీటే తీసుకోండి. దానికి డబ్బులు అడిగితే కట్టండి. మేఘాలు ఫోటోల్లో చూస్తారు.

వీల్‌చెయిర్ నిజంగా అవసరమున్నవాళ్ళకి తప్పకుండా పెట్టించండి. భాష కోసమైతే మాత్రం అదే విమానంలో వచ్చే తెలుగువాళ్ళెవరైనా ఉన్నారేమో ముందు వెతకండి. వేరే దారి లేక పెట్టించినా, గేటు దగ్గర దింపాక లేచి నడవమని చెప్పండి. విమానం మారే ఆ మూడు నాలుగు గంటలూ కాళ్ళకి దొరికే సెలవు. దాన్ని కూడా కుర్చీలో గడపకూడదు.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి అటూ ఇటూ తిరగాలి. సీట్లో కూర్చునే మడమలు ఆనించి వేళ్ళు పైకి, వేళ్ళు ఆనించి మడమలు పైకి, ఇలా కుట్టుమిషను తొక్కినట్టు చెయ్యమనండి. మా అమ్మకి ఇలా చెప్తేనే అర్థమైంది, ఇంగ్లీషు వీడియో కంటే బాగా. పాదాలు అందకపోతే కింద చిన్న బ్యాగు పెట్టుకోమనండి. కాళ్ళ ముందు సామాను కుక్కేసి కదలడానికి చోటు లేకుండా చేసుకోవద్దనండి.

నీళ్ళు తాగమనండి. నీళ్ళు తాగకపోవడం వల్లే గడ్డ కడుతుందని గట్టి రుజువేమీ లేదు. కానీ తాగినవాళ్ళు లేవక తప్పదు కదా! మన భాషలో చెప్పాలంటే అదొక క్రాన్ జాబ్. మొహమాటాన్ని ఓడించడానికి అంతకంటే చవకైన ఉపాయం నాకు తెలీదు.

నిద్రమాత్ర ఇచ్చి పంపకండి. మాత్ర వేసుకున్న మనిషి మడత పడిన కాలు మడత పడినట్టే గంటలు గంటలు పడుకుంటుంది.

ఇక ఆస్పిరిన్. "విమానమెక్కే ముందు ఒక ఆస్పిరిన్ వేసుకోండి, రక్తం పలచబడుతుంది" అనే సందేశం మీకూ వచ్చే ఉంటుంది. అమెరికన్ ఛాతీ వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లో కేవలం ప్రయాణం కోసం ఆస్పిరిన్ వాడొద్దనే చెప్పింది. గుండె కోసం ఇప్పటికే వాడుతున్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు మానక్కర్లేదు.

బిగుతు మేజోళ్ళు, అంటే కంప్రెషన్ స్టాకింగ్స్, పనికొస్తాయి. 2001లో లాన్సెట్‌లో వచ్చిన ఒక ప్రయోగంలో అవి వేసుకోకుండా దూరప్రయాణం చేసినవాళ్ళలో పదిశాతం మందికి పిక్కల్లో పైకి తెలియని చిన్న గడ్డలు స్కానింగులో కనపడ్డాయి, వేసుకున్నవాళ్ళలో ఒక్కరికీ కనపడలేదు. తర్వాత చాలా ప్రయోగాలని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా అలాంటి గడ్డలు తగ్గుతాయనే తేల్చింది. అలాగని అందరికీ అక్కర్లేదు. ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి మోకాలి కిందిదాకా వచ్చేవి, చీలమండ దగ్గర 15 నుంచి 30 మిల్లీమీటర్ల ఒత్తిడి ఇచ్చేవి, కాలి కొలతకి సరిపోయేవి కావాలి. సైజు తప్పితే మోకాలి కింద తాడు కట్టినట్టే. షుగరు వల్ల కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు, కాళ్ళకి రక్తప్రసరణ తక్కువున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్ళకి ఇంజెక్షన్ లాంటిదేమైనా కావాలా అన్నది కూడా డాక్టరే చెప్పాలి.

చివరిది, దిగాక. రెండు కాళ్ళూ సమానంగా ఉబ్బి మర్నాటికి తగ్గితే కంగారు లేదు. ఒక్క కాలే వాచినా, పిక్క నొప్పి, వేడి, ఎరుపు ఉన్నా అదే రోజు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం... వీటిలో ఏది కనపడినా రేపటికి వాయిదా వెయ్యకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి, దూరప్రయాణం చేశారని మీరే ముందు చెప్పండి. వచ్చిన నాలుగు వారాల దాకా రోజూ ఒకసారి కాళ్ళు చూడండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మా అమ్మ రెండు రోజులు దాచింది.

ఇదంతా అమ్మలకే అనుకోకండి. స్టాంపింగుకని పోయి వారంలో తిరిగొచ్చి, విమానం దిగి నేరుగా క్లయింటు ఆఫీసులో పదిగంటలు కూర్చునే మనకీ వర్తిస్తుంది.

అమ్మ నవంబరులో వెనక్కి వెళ్ళింది. అప్పటికి మందు ఆపేసి మూడు నెలలు. డాక్టర్ని అడిగాం, మేజోళ్ళు కొలిపించి కొన్నాం, దారి పక్క సీటు, వీల్‌చెయిర్ లేదు, అదే విమానంలో వెళ్తున్న గుంటూరు వాళ్ళొకరు తోడు. ఇల్లు చేరాక ఫోను చేసింది. "ఒరేయ్, ఏడుసార్లు లేచాను. మళ్ళీ లేస్తుంటే ఎయిర్ హోస్టెస్ వచ్చి ఏమైనా కావాలా అంది. నథింగ్, వాకింగ్ అని చెప్పాను."

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు బయల్దేరబోతూ ఉంటారు. సీటు మ్యాపు తెరవండి, దారి పక్క సీటు మీద నొక్కండి. ఆవకాయ సంగతి తర్వాత చూద్దాం.